పాప బరువెంత, మందు ఎన్ని మిల్లీలీటర్లు?

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి పిల్లల ఆరోగ్యం గురించి వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి ఈ నెల జవాబిస్తున్నవారు, నగరంలోని పిల్లల వార్డులలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఒక తెలుగు నర్సు. రోగ నిర్ధారణ, చికిత్స నిర్ణయం డాక్టర్ల పని కనుక, డాక్టరు రాసిన చికిత్స ఇంటికి చేరాక తల్లిదండ్రుల చేతుల్లో ఎలా సాగాలన్న విషయానికే ఈ జవాబులు పరిమితం.

ప్రశ్న: మా పాపకు పద్నాలుగు నెలలు, బరువు 10 కిలోలు. జ్వరం వస్తే ఆసుపత్రిలో ఒక రోజు ఉంచుకొని పంపించారు. వచ్చేటప్పుడు నర్సు కొంత కన్నడంలో, కొంత ఇంగ్లీషులో మందుల గురించి గబగబా చెప్పారు. నేను తల ఊపి వచ్చేశాను. మునుపు ఒకసారి పారాసిటమాల్ 5 మి.లీ. పోయమన్న గుర్తుతో ఇప్పుడూ అంతే పోశాను. రెండుసార్లు పోశాక చూస్తే కొత్త సీసా మీద 250 అని, ఇంట్లో ఉన్న పాత సీసా మీద 125 అని ఉంది. పాపకు ఏమైనా అవుతుందేమోనని నిద్ర పట్టడం లేదు.
ఒక తల్లి, కె.ఆర్.పురం

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. మీరు పోసిన ఒక్కో మోతాదులో 250 మిల్లీగ్రాముల మందు ఉంది. 10 కిలోల పాపకు కిలోకు 15 చొప్పున 150 మిల్లీగ్రాములు చాలు. రెండు మోతాదులు ఈ పాటి ఎక్కువ పడినంత మాత్రాన, మామూలుగా ఆరోగ్యంగా ఉండే బిడ్డకు సాధారణంగా కాలేయం దెబ్బతినదు. అదే పాళ్లలో రోజుకు నాలుగు సార్లు, మూడు నాలుగు రోజులు సాగితే మాత్రం నిజంగా ప్రమాదం. పాప వాంతులు చేసుకుంటున్నా, మత్తుగా పడి ఉంటున్నా ఆ రెండు సీసాలూ పట్టుకొని వెంటనే డాక్టరుకు చూపించండి. లేకపోయినా, తరువాతి సారి వెళ్లినప్పుడు జరిగింది దాచకుండా చెప్పండి. మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టకూడదు. తప్పు జరగడానికి అంత వీలున్న మందు అది.

ఆ వీలు ఎక్కడుందో చూడండి. పారాసిటమాల్ పిల్లలకు మూడు రకాల గాఢతలలో దొరుకుతుంది. డ్రాప్స్‌లో సాధారణంగా ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. ఒక రకం సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120 గాని 125 గాని, మరో రకంలో అదే 5 మిల్లీలీటర్లకు 250 ఉంటాయి. మీ పాపకు కావలసిన 150 మిల్లీగ్రాములు డ్రాప్స్ అయితే ఒకటిన్నర మిల్లీలీటరు, 125 సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 250 సిరప్ అయితే 3 మిల్లీలీటర్లు. మందు ఒక్కటే, బిడ్డ ఒక్కతే, కొలతలు మూడు. నెలల పిల్లలకు ఇచ్చే బుల్లి సీసాలోని డ్రాప్స్ ‘పలుచటి మందు’ అని చాలామంది అనుకుంటారు గాని, మూడింటిలోనూ చిక్కనిది అదే. ‘పోయినసారి 5 మి.లీ. పోశాం’ అన్న జ్ఞాపకం అందుకే పనికిరాదు. ఎప్పుడు పోయాలన్నా సీసా మీది అంకె, బిడ్డ ఇప్పటి బరువు, ఈ రెండూ చూడాలి.

వంటింటి చెంచా మాత్రం వద్దు. ఒక ఇంట్లో చెంచాకు మూడు మిల్లీలీటర్లు పడితే, మరో ఇంట్లో ఏడు పడతాయి. మందుల షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి అడగండి. మందును అందులోకి లాగి, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టుకొని, నాలుక మీద కాక బుగ్గ లోపలి వైపున కొద్దికొద్దిగా వదలండి. పాల సీసాలో కలిపితే బిడ్డ సగం పాలు వదిలేసినప్పుడు సగం మందూ పోయినట్టే. మోతాదుకు మోతాదుకు మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటల వ్యవధి ఉండాలి, 24 గంటల్లో నాలుగు సార్లు దాటకూడదు. జలుబు సిరప్‌లు కొన్నింటిలో కూడా పారాసిటమాల్ ఉంటుంది కనుక, రెండూ కలిపి పోస్తున్నారేమో చూసుకోండి. ఇప్పుడే స్కెచ్ పెన్ను తీసుకొని కొత్త సీసా మీద పాప పేరు, ‘10 కిలోలు, 3 మి.లీ.’ అని తెలుగులో పెద్దక్షరాలతో రాయండి. పాప బరువు పెరిగినప్పుడు డాక్టరును అడిగి ఆ అంకె మార్చండి.

ఇక తల ఊపిన సంగతి. కన్నడం రాని తల్లి, తెలుగు రాని నర్సు ఎదురుపడినప్పుడు ఇద్దరూ మర్యాద కొద్దీ తలలు ఊపుకోవడం బెంగళూరు వార్డులలో రోజూ జరిగేదే. ఈసారి అలా కాకుండా, సీసా, సిరంజి చేతిలోకి తీసుకొని, మీకు అర్థమైనంత మందు సిరంజిలోకి లాగి, ‘సిస్టర్, ఇష్టేనా?’ (కన్నడంలో ‘ఇంతేనా?’) అని చూపించండి. సిరంజి మీది గీత చదవడానికి ఏ భాషా అవసరం లేదు. తప్పయితే ఆవిడే సరిచేస్తారు. రెండు నిమిషాల పని అది, ఆ రెండు నిమిషాలు అడగడం మీ హక్కు.

ప్రశ్న: మా మనవడికి మూడేళ్లు. విరేచనాలు పట్టుకుంటే షాపులో ఓఆర్‌ఎస్ అడిగాను. నారింజ రుచి ఉన్న డబ్బా పానీయం ఇచ్చారు. వాడు ఇష్టంగానే తాగాడు, కాని విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి. డాక్టరు గారు వేరే పొడి ప్యాకెట్, జింక్ మాత్రలు రాశారు. నీళ్ల విరేచనాలకు నీళ్లు పట్టిస్తే ఇంకా ఎక్కువ కావా అని ఇంట్లో వాదన. వివరంగా చెప్పగలరు.
ఒక తాతగారు, మారతహళ్లి

జవాబు: అయ్యా, మీరు అడిగి తెచ్చింది ఓఆర్‌ఎస్ పేరుతో అమ్ముడుపోయిన తీపి పానీయం అయి ఉంటుంది. ఇలాంటి డబ్బాల మీద ఆ పేరు వాడకూడదని హైదరాబాద్ శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారుకాని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట ఉండకూడదని ఆదేశించింది. మన తెలుగు డాక్టరమ్మ పట్టుదల వల్ల దేశమంతటి పిల్లలకూ మేలు జరిగిందని నేను వార్డులో ప్రతి తల్లికీ గర్వంగా చెబుతాను.

తేడా పేరులోనే కాదు, పాళ్లలో ఉంది. అసలైన ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సోడియం సిట్రేటు ఉంటాయి. పేగు గోడలో గ్లూకోజునూ సోడియంనూ జంటగా లోపలికి తీసుకునే ద్వారాలు ఉన్నాయి. ఆ రెండూ తగిన పాళ్లలో వెళ్లినప్పుడు వాటి వెంట నీరూ ఒంట్లోకి ఇంకుతుంది, విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ ద్వారాలు పనిచేస్తూనే ఉంటాయి. చక్కెర మితిమీరితే జరిగేది దానికి వ్యతిరేకం: ఇంకకుండా మిగిలిన చక్కెర ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది. మీ మనవడికి జరిగింది ఇదే కావచ్చు. ఇంట్లో జరిగే వాదనకు కూడా ఇదే సమాధానం. ఓఆర్‌ఎస్ విరేచనాలను ఆపడానికి ఇచ్చేది కాదు, పోయిన నీటినీ లవణాలనూ తిరిగి ఇవ్వడానికి ఇచ్చేది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలి, నరానికి ఎక్కించే సెలైన్ నిండుకున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ములలో ఈ ద్రావణం కలిపించి, రోగుల బంధువుల చేతనే తాగించి వేల ప్రాణాలు నిలిపారు. చదువు లేని తల్లులు, తాతలు ఆ రోజు చేసిన పనే మీరిప్పుడు మీ ఇంట్లో చేయబోతున్నారు.

పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒకేసారి కలపాలి. చిన్న ప్యాకెట్లు 200 మి.లీ. నీటికి సరిపోయేవీ ఉన్నాయి కనుక ముందు ప్యాకెట్ మీద చదవండి. సగం పొడి దాచి సగం కలిపితే కంటికి తెలియకుండా పాళ్లు తప్పుతాయి. పాలలో గాని పండ్ల రసంలో గాని కలపవద్దు, చక్కెర చేర్చవద్దు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్లు దాటిన మీ మనవడికి ప్రతి విరేచనం తరువాత 100 నుంచి 200 మి.లీ. దాకా, చిన్న గ్లాసుతో గుక్క గుక్కగా పట్టించండి. (రెండేళ్ల లోపు పిల్లలకైతే 50 నుంచి 100 మి.లీ., చెంచాతో.) వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మొదలుపెట్టాలి. వాంతి అయిందని పూర్తిగా మానేయడం చాలా ఇళ్లలో చూస్తున్నాను, అది పొరపాటు.

జింక్ మాత్ర రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున పద్నాలుగు రోజులు ఇవ్వమని రాసి ఉంటారు. మూడో రోజుకు విరేచనాలు తగ్గుతాయి, మాత్రలు అలమారలోకి వెళ్లిపోతాయి. అలా చేయకండి, పేగు పొర కోలుకోవడానికీ, రాబోయే రెండు మూడు నెలల్లో మళ్లీ విరేచనాలు పట్టుకోకుండా ఉండడానికీ ఆ మిగిలిన రోజులే ముఖ్యం. అన్నం పెట్టడం ఆపవద్దు. పెరుగన్నం, పప్పన్నం, అరటిపండు, వాడు తినేది ఏదైనా కొంచెం కొంచెంగా పెట్టండి. విరేచనాలు కట్టడానికని పెద్దల మాత్రలు మాత్రం వేయకండి. కళ్లు లోతుకు పోయినా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా, తాగలేనంత మగతగా ఉన్నా ఇంట్లో ప్రయత్నాలు ఆపి ఆసుపత్రికి బయలుదేరండి.

ప్రశ్న: రెండేళ్ల మా బాబుకు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. మా అత్తగారు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు. మావారు నాలుక కొరుక్కుంటాడని పళ్ల మధ్య చెంచా పెట్టబోయారు. రెండు నిమిషాల్లో తగ్గింది. డాక్టరు ఏమీ పరవాలేదన్నారు. కాని మళ్లీ వస్తే ఏం చేయాలో ఎవరూ చేసి చూపించలేదు.
ఒక తల్లి, ఎలహంక

జవాబు: అమ్మా, ఆ రెండు నిమిషాలు తల్లికి రెండు యుగాలని నాకు తెలుసు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలలో జ్వరంతో వచ్చే ఈ ఫిట్స్ అరుదేమీ కాదు. నూటికి ఇద్దరు నుంచి అయిదుగురు పిల్లలలో కనిపిస్తాయి, ఒకసారి వచ్చినవారిలో సుమారు మూడో వంతు మందికి మళ్లీ వస్తాయి. కొద్ది నిమిషాల్లో ఆగిపోయే ఈ రకం వల్ల మెదడుకు హాని జరగదు, చదువు దెబ్బతినదు.

దిండును బాబు అనుకొని ఇంట్లో అందరూ ఒకసారి చేసి చూడండి. మంచం అంచు మీద కాకుండా నేల మీద చాప వేసి, బాబును ఎడమకో కుడికో ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, అప్పుడు చొంగ, వాంతి బయటికి కారిపోతాయి, ఊపిరి గొట్టంలోకి పోవు. మెడ దగ్గర బట్ట వదులు చేయాలి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, మందు, ఏదీ పెట్టకూడదు. చెంచా వల్ల పళ్లు విరిగి ఊపిరి గొట్టంలో పడిన బిడ్డలు ఉన్నారు. కాళ్లు చేతులు అదిమి పట్టకూడదు. ఒకరు గడియారం చూడాలి, మరొకరు ఫోన్‌లో వీడియో తీయాలి. వీడియో మీద కోపం తెచ్చుకోకండి, డాక్టరుకు మీ వర్ణన కంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది. అయిదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ మొదలైనా, ఒక పక్క మాత్రమే కొట్టుకున్నా, తగ్గాక కూడా బాబు తెలివిలోకి రాకపోయినా 108కి ఫోన్ చేయండి.

అత్తగారిని నొప్పించకుండా ఒక మాట చెప్పండి. తాళంచెవులు పెట్టిన ప్రతిసారీ ఫిట్స్ తగ్గాయంటే, పెట్టకపోయినా అవి తగ్గేవే కాబట్టి తగ్గాయి. ఆ గడియారం చూసే బాధ్యత ఆవిడకే అప్పగిస్తే, చేతులకు పని దొరుకుతుంది, బాబుకు మేలు జరుగుతుంది. జ్వరం మందు బాబు బాధ తగ్గిస్తుంది గాని ఫిట్స్ రాకుండా ఆపుతుందన్న హామీ లేదు, కనుక మందు ఆలస్యమైంది కాబట్టే వచ్చాయని మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

ప్రశ్న: మా పెద్దవాడికి మూడేళ్లు, చిన్నదానికి నాలుగు నెలలు. ఇద్దరికీ దగ్గు. ఊరి నుంచి మా అమ్మ తేనె పంపింది, పక్కింటివారు వాళ్ల పిల్లల దగ్గు సిరప్ ఇచ్చారు. వాడవచ్చునా?
బొమ్మసంద్ర నుంచి ఒక తండ్రి

జవాబు: సిరప్ తిరిగి ఇచ్చేయండి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లల ప్రాణాలు తీసిన దగ్గు మందు తయారైంది మనకు దగ్గరలోనే, కాంచీపురం జిల్లాలో. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉన్నట్టు తేలింది. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదని, అయిదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా వాటిని సిఫారసు చేయరని సూచన జారీ చేసింది. మంచి మందు అయినా, ఈ వయసులో దానివల్ల ఉపయోగం తక్కువ.

తేనె పెద్దవాడికి పడుకోబోయే ముందు అర చెంచా ఇవ్వవచ్చు. చిన్నదానికి ఏడాది నిండే దాకా నాకించను కూడా వద్దు. తేనెలో ఉండగలిగే ఒక రకం బాక్టీరియా పసిపిల్లల పేగులో పెరిగి, కండరాలను చచ్చుబరిచే బొట్యులిజం కలిగిస్తుంది. నాలుగు నెలల బిడ్డకు దగ్గు వస్తే తల్లిపాలు తరచుగా పట్టించడం, ఊపిరి వేగం లెక్కపెట్టడం, ఈ రెండే మీ పనులు. లెక్కపెట్టే పద్ధతి కింది జవాబులో ఉంది.

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు జిల్లా. నర్సింగ్ పూర్తిచేసి బెంగళూరులో పిల్లల వార్డులో చేరి ఎనిమిది నెలలైంది. డిశ్చార్జి వేళ తల్లులకు అన్నీ చెబుతాను, ‘అర్థమైందా?’ అంటే ‘అర్థమైంది సిస్టర్’ అంటారు. వారం తిరగకుండా అదే బిడ్డ అదే జబ్బుతో వస్తుంది. ఎక్కువసేపు చెబితే మంచాలు ఖాళీ కావడం లేదని సీనియర్లు విసుక్కుంటున్నారు. నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను?
ఒక స్టాఫ్ నర్సు

జవాబు: చెల్లెమ్మా, నీ వయసులో నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక తల్లి చేతికి, నీళ్లు కలుపుకొనే యాంటీబయాటిక్ పొడి సీసా ఇచ్చి, ‘ఈ గీత దాకా కాచి చల్లార్చిన నీళ్లు పోయమ్మా’ అని చెప్పాను. అర్థమైందని ఆమె అంది. ఆరో రోజు బిడ్డ చెవి పోటుతో, చీముతో మళ్లీ వచ్చింది. సీసా తెప్పించి చూస్తే గీత దాకా నిండుగా ఉంది. మందు పోయలేదేమోనని నేను గట్టిగా అడిగాను. ఆమె రోజూ తప్పకుండా పోసింది. పోసిన ప్రతిసారీ మట్టం తగ్గితే, నేను చెప్పినట్టే, మళ్లీ గీత దాకా నీళ్లు నింపింది. నా మాటను ఆమె నాకంటే శ్రద్ధగా పాటించింది. ‘ఒక్కసారే పోయాలి’ అన్న మాట నేను చెప్పలేదు. ఆమె కళ్లలోని బెదురు తలచుకుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది.

అప్పటి నుంచి ‘అర్థమైందా?’ అన్న ప్రశ్న మానేశాను. దానికి పెద్దల ఎదుట కాదనే జవాబు మన ఇళ్లలో ఎవరూ చెప్పరు. దానికి బదులు, ‘ఇంటికి వెళ్లాక మీ అమ్మగారికి ఎలా చెబుతావో నాకు చెప్పు’ అంటాను, లేదా వస్తువులన్నీ చేతికిచ్చి చేసి చూపించమంటాను. తప్పు చేస్తే ‘నేను సరిగ్గా చెప్పలేదమ్మా, మళ్లీ చూద్దాం’ అనాలి. ఆ మాట మర్యాదకు అనేది కాదు, చాలాసార్లు నిజమే.

సమయం విషయంలో నీ సీనియర్లు అంటున్నదాంట్లో కొంత న్యాయం ఉంది. బిల్లు కట్టడానికి తండ్రి పరుగెత్తుతూ, కింద ఆటో నిలబడి ఉండగా, తల్లి చెవికి ఏదీ ఎక్కదు. బోధన చేరిన రోజే మొదలు కావాలి. ఉబ్బసంతో వచ్చిన బిడ్డకు నువ్వు రోజుకు నాలుగు సార్లు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కూ బిడ్డ ముఖం మీది మాస్క్‌కూ మధ్య పెట్టే గొట్టం) ఇన్‌హేలర్ ఇస్తావు గదా. మొదటిసారి నువ్వు ఇవ్వు, రెండోసారి తల్లి చేయి పట్టి ఇప్పించు, మూడోసారి నుంచి ఆమె ఇస్తుంటే నువ్వు నిలబడి చూడు: డబ్బా బాగా కుదిపిందా, మాస్క్ ముఖానికి సందు లేకుండా ఆనిందా, ఒక్కో నొక్కుకు బిడ్డ అయిదారు శ్వాసలు తీసుకునే దాకా ఆగిందా, రెండు నొక్కులు ఒకేసారి నొక్కేసిందా. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే తరువాత నోరు కడిగించిందా. మూడో రోజుకు డిశ్చార్జి వేళ నువ్వు చెప్పవలసింది దాదాపు ఏమీ మిగలదు, మంచమూ వేళకు ఖాళీ అవుతుంది.

ఊపిరి లెక్క మాత్రం దగ్గుతో వచ్చిన ప్రతి కుటుంబానికీ నేర్పు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి అని, పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే పసిపిల్లలలో తప్పు వస్తుంది. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40, అంతకు చేరినా దాటినా అది వేగమే. ఛాతీ కింది భాగం లోపలికి పోవడాన్ని పుస్తకం భాషలో చెప్పకు. ‘డొక్కలెగరేస్తున్నాడా?’ అని అడుగు, మన వైపు అమ్మమ్మలందరికీ తెలిసిన మాట అది. కన్నడ తల్లులకు ఆ మాట చెప్పలేకపోతే, రెండు భాషలూ వచ్చిన పక్క మంచం తల్లిని అడిగి నేర్చుకో.

ఇంకొకటి, నువ్వు చెబుతున్నది ఎవరికి? ఉద్యోగాలు చేసే ఇళ్లలో పగలు మందు పోసేది నాయనమ్మో, డే కేర్ ఆయానో, అపార్ట్‌మెంటులో పనిచేసే అక్కో. చేరిన రోజే ఆ సంగతి అడిగి, ఆ మనిషిని ఒక్కసారైనా వార్డుకు రప్పించు. రాలేకపోతే తల్లి సిరంజి పట్టుకొని చేస్తున్నప్పుడు ఫోన్‌లో తీసి పంపమను.

కేస్ షీట్‌లో ‘ఆరోగ్య బోధన చేయడమైనది’ అని రాస్తుంటాం. ఆ వాక్యం వల్ల తరువాతి షిఫ్టు నర్సుకు ఏమీ తెలియదు. ‘తల్లి 3 మి.లీ. సిరంజిలో సరిగ్గా తీసి చూపింది. స్పేసర్ మాస్క్ ఇంకా వదులుగా పెడుతోంది. నాయనమ్మ రేపు ఉదయం వస్తారు’ అని రాయి. రాత్రి డ్యూటీకి వచ్చే సిస్టర్ అది చదివి, తొమ్మిది గంటల మోతాదు వేళ ఆ మాస్క్ దగ్గర నిలబడుతుంది.